తామరాకు పొట్లంలో చెయ్యి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే నాకు మిగిలిన ఆ ఒక్క పన్నూ ఊడిపోవాలి.

అనగనగా ఒక రాజు. ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో ఇళ్ల పెంకులు ఎగిరేవి. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళజటుడనే మాంత్రికుడు రాజకుమారి చెంగల్వను చెరబట్టాడని విని, ముగ్గురూ ఒకరి వెనక ఒకరు బయలుదేరారు.

మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలుకలో ఉంది. పంజరం తలుపు వదిలితే చాలు, కొండ విరిగిపడ్డట్టు మూసుకునేది. ఒక చేత్తో ఎత్తిపట్టి రెండో చేత్తో చిలుకను తీయాలి. రెండూ ఒకే మనిషి చేతులు కావాలి. అందుకని వాడు వచ్చినవాడికల్లా కుడిచెయ్యి నరికి చీపురిచ్చేవాడు. పెద్దవాడికి అదే అయింది. నడిమివాడికీ అదే అయింది. చిన్నవాడు మణిబాహుకీ అదే అయింది.

మణిబాహు తోటలో కొలను గట్టున కూలబడ్డాడు. అన్నలు పసుపు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"అద్దకండి," అంది అక్కడే గట్టున కూర్చున్న చెంగల్వ, నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే.

"పుండు మానొద్దటమ్మా?" అన్నాడు పెద్దవాడు.

"మానితే మీలాగే ఊడవాలి. ఈ తోకకప్పల కాళ్లు కొంగ కొరికేస్తే మళ్లీ మొలుస్తున్నాయి. పెద్ద కప్పలకు మొలవడం లేదు. వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఎందుకో అంతు చిక్కలేదు."

కాలు సగం మొలిచిన తోకకప్ప ఒకటి పైకి తేలింది. "మేం గాయాన్ని తడిగా, తెరిచి ఉంచుతాం తల్లీ. పెద్దయ్యాక మావాళ్లకూ మీలాగే తొందర. పుండు మీద చెక్కు కట్టేసుకుంటారు. తలుపు మూసేస్తే కాలు ఎటునుంచి వస్తుంది?"

చెంగల్వ పట్టు ఓణీ చించి, కొలను నీళ్లలో తడిపి మణికట్టుకు చుట్టి, పైన తామరాకు పొట్లం కట్టింది. "ఆరనివ్వకూడదు, గోకకూడదు, విప్పి చూడకూడదు," అంది.

ఆ దురద ఎంతటిదంటే, పక్కన ఈదే చేపలు కూడా రాళ్లకు ఒళ్లు రుద్దుకున్నాయి. మణిబాహు మాత్రం పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు. ఆకు కింద మొదట మల్లెమొగ్గంత లేచింది. తర్వాత తెడ్డులా వెడల్పయింది.

మాంత్రికుడు రోజూ పంజరం గట్టున పెట్టి స్నానానికి దిగేవాడు. ఒంటిచేతివాళ్లంటే వాడికి భయమేంటి?

"ఏరా, పొట్లంలో పులిహోర దాచావా?" అన్నాడు ఒకరోజు, పీకల్లోతు నీళ్లలోంచి.

"కాదు, దొరా. తినడానికి చెయ్యి దాచాను."

ఆకు చీల్చుకుని ఐదు వేళ్లు బెండకాయల్లా బయటికొచ్చాయి. ఎడమచేత్తో తలుపు ఎత్తాడు, కుడిచేత్తో చిలుకను తీసి మెడ నులిమాడు. కొలనులో ఒక బుడగ లేచింది, అంతే.

తర్వాత చెంగల్వ అన్నల పాత మచ్చలు గీరి, వాళ్లకూ పొట్లాలు కట్టింది. పెద్దవాడు ఆగలేక మధ్యలో విప్పి చూశాడు, ఒక వేలు తక్కువొచ్చింది. మణిబాహు తన లేతవేళ్లతో చెంగల్వకు మూడు ముళ్లు వేసేసరికి పురోహితుడు రెండు కునుకులు తీశాడు. మనవలకు గడ్డాలు నెరిసేదాకా వాళ్లిద్దరూ రాజ్యమేలారు.

ఇక లే. తుంపర మొదలైంది, దండెం మీద నా చీర తడవకముందే తీసుకురా.