నిక్షేపంగా ఉన్న పడవ

త్ర్యంబకశాస్త్రి రాజవైద్యుడయ్యాక రాజ్యంలో రోగులు తగ్గిపోయారు. ఆయన పది ప్రశ్నలు అడిగి, తొమ్మిదింటికి అవునన్నవాళ్ళనే రోగులనేవాడు. పడవ నడిపే నూకయ్య భార్య నిలబడలేకపోతున్నా, ఆరు ప్రశ్నలకే అవునంది.

"నిక్షేపంగా ఉంది, తీసుకుపో" అన్నాడు శాస్త్రి నూకయ్యతో.

మర్నాడు శాస్త్రి నూకయ్య పడవే ఎక్కాడు. నడి ఏట్లో ఆయన కాళ్ళు తడిశాయి.

"ఒరేయ్, పడవలోకి నీళ్ళొస్తున్నాయి, చూడు."

"ఒక్క చెక్కే కారుతోందండి. పది చెక్కల్లో తొమ్మిది కారితేనే చిల్లుల పడవ. ఇది నిక్షేపంగా ఉంది."

"తొమ్మిది కారేలోపు మునిగిపోమూ?"

"మా ఆవిడా అదే అంటోందండి. మరి ఎన్ని కారితే చూడమంటారు?"

"ఒక్కటి చాలు" అన్నాడు శాస్త్రి, కాళ్ళు పైకి ముడుచుకుని.

నూకయ్య చిల్లులో గుడ్డ కుక్కి, పడవను తన గుడిసె వైపు తిప్పాడు.