టీకేఎక్స్ ముప్పై రెండు

ఈ సంగతిలో ముందు వెనకలు కాస్త తారుమారై ఉండవచ్చు. హిమజ ప్రశ్న వేసింది సోమవారమా, మంగళవారమా, వరహాలమ్మ గారు కబురు పెట్టింది అంతకు ముందా, తరవాతా అంటే ఇప్పుడు గట్టిగా చెప్పడం కష్టం. జరిగింది మాత్రం ఇదే.

పెద్దాపురంలో పద్మనాభం మాస్టారు పాత తాటాకు ప్రతులు చదవడం నేర్పేవారు. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేసుకుని వచ్చేసరికి చాలామందికి అడిగిన ప్రశ్న మీద అంత పట్టుదల మిగిలేది కాదు.

ఆయన దగ్గర రెండేళ్ళుగా చదువుకుంటున్న హిమజ అప్పుడు ఒక పశువైద్యం తాటాకు ప్రతిని అచ్చుకు సిద్ధం చేస్తోంది. ఎద్దు డొక్క నొప్పికి ఇచ్చే మందు దగ్గర 'ఉలమరి' అనే మాట తగిలింది. మూడు నిఘంటువుల్లో లేదు. పశువుల డాక్టరునడిగితే ఆయనా పెదవి విరిచాడు.

"మాస్టారూ, అర్థం లేని మాటను కొట్టేయవచ్చా? రాసినాయన కునికిపాట్లు పడుతూ రాసుంటాడు. అది తీసేస్తే వాక్యం హాయిగా నడుస్తోంది."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మన వరహాలమ్మ గారి కంప్యూటర్లో ఏదో తెలియనిది దూరిందట. నీకు ఆ యంత్రాల సంగతి తెలుసుగా అమ్మాయ్, ఒకసారి చూసి రా," అన్నారు.

వరహాలమ్మ గారు బడిపంతులమ్మగా చేసి మానుకున్నావిడ. తన తల్లి చేలో నాట్లు వేస్తూ పాడిన పాటలు నూట పద్దెనిమిదీ, పదిహేనేళ్ళ కిందట రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే కొట్టి ఆ కంప్యూటర్లో దాచుకున్నారు. రాసుకున్న నోటు పుస్తకాలు తరవాత చెదలపాలయ్యాయి. పాటలు ఇక అందులోనే ఉన్నాయి.

"రామ్మా డాక్టరమ్మా. లోపల ఏదో పురుగు చేరిందని రోజూ ఎర్ర అక్షరాలతో చెబుతోందిది. పాటల్ని తినేసిందంటే మళ్ళీ రాయడం నా వల్ల కాదు. ఇప్పటికే సగం నోటికి రావడం లేదు," అన్నారావిడ.

హిమజ వెతికి పట్టుకుంది. ఫైలు పేరు టీకేఎక్స్ ముప్పై రెండు. చేసినవాళ్ళ పేరు లేదు. గుర్తు పట్టడానికి ఒక బొమ్మైనా లేదు. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఎవరూ పిలవకుండానే లేచి కూర్చుంటోంది. ఇంటర్నెట్లో అడిగితే ఒకచోట ప్రమాదమన్నారు, ఒకచోట భయం లేదన్నారు, ఇంకోచోట మా సరుకు కొంటే చెబుతామన్నారు.

"ఇంతకీ ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు మామ్మగారూ. ఊరూ పేరూ లేని రకం."

"అయితే గెంటెయ్."

హిమజ దాన్ని చెత్తబుట్టలో పడేసి, కంప్యూటర్ ఆపి మళ్ళీ తెరిచింది. ఎన్నడూ లేనంత చురుగ్గా తెరుచుకుంది. ఎర్ర అక్షరాలూ లేవు.

"ఆ బుట్ట కూడా దులిపెయ్యమ్మా, మళ్ళీ పాక్కుంటూ వస్తుందేమో," అన్నారు వరహాలమ్మ గారు. హిమజ మౌస్ మీద వేలు పెట్టింది. అంతలో ఆవిడే, "ఉండుండు. ముందొక పాట వినిపిస్తాను, నీ ఫీజు అనుకో," అంటూ ఫైలు తెరిపించారు.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు, మధ్య మధ్య డాలరు గుర్తులు. తెలుగు అక్షరమన్నది ఒక్కటి లేదు.

"ఇదేం భాషే తల్లీ? మా అమ్మ అమలాపురం దాటి ఎరగదు," అన్నారావిడ నవ్వుతూ. రెండోది తెరిచినా అంతే. మూడోదీ అంతే. నవ్వు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని మొదటి పాట మెల్లగా ఎత్తుకున్నారు. రెండు చరణాలు వచ్చాయి. మూడోది అందుకోబోయి ఆగారు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నా అంతే.

హిమజ చెత్తబుట్టలోంచి ఫైలును తీసి, ఇదివరకున్నచోటే పెట్టింది. కంప్యూటర్ ఆపి తెరిచింది. అది మూలుగుతూ ఆలస్యంగా తెరుచుకుంది. ఎర్ర అక్షరాలు మళ్ళీ వచ్చాయి. పాటా వచ్చింది. మూడో చరణం ఉన్నచోటే ఉంది. వరహాలమ్మ గారు దాన్ని పైకి చదవలేదు, వేలితో తెర మీద తడిమి చూసుకున్నారు.

పాటలు కొట్టిన రోజుల్లో ఆ కంప్యూటర్‌కు తెలుగు రాదు. ఎవరో తయారుచేసిన చిన్న ప్రోగ్రామొకటి, తెరిచినప్పుడల్లా ముందుగా లేచి, తెలుగు అక్షరాలు తెచ్చిపెడితేనే పాటలు పాటలుగా కనబడతాయి. ఇన్నేళ్ళూ ఆ పని చేస్తున్నది ఇదే. పాటలన్నీ కాగితాల మీద అచ్చు తీసి చేతికిచ్చాక గాని హిమజ అక్కడినుంచి కదల్లేదు.

మర్నాడు మాస్టారు అడిగారు. "ఏమిటట అది?"

"తెలుగండి."

"ఎలా తెలిసింది?"

"తీసేశాక తెలిసింది మాస్టారూ. తీసే ముందూ చూశాను. ఎవరు చేశారో, ఏం పేరో, అన్నీ చూశాను. అది లేకపోతే కంప్యూటర్ ఇంకా బాగా నడిచింది. పనికిమాలినదనుకున్నాను."

మాస్టారు పశువైద్యం తాటాకుల కట్ట ఆమె ముందుకు జరిపారు.

"కంప్యూటర్ని అడిగావు," అన్నారు. "పాటల్ని అడగలేదు."