రెండువందల పదకొండో పేజీ

"సార్, ఈ చివరి పేజీలు ఎవరు చదువుతారని?"

నవనీత అడిగింది ప్రశ్నే అయినా గొంతులో ఉన్నది మొర. ఆముదం చేలల్లో ఆకుల్ని నమిలిపారేసే దాసరి పురుగు మీద వేపగింజల కషాయం ఎంతవరకు పనిచేస్తుందో ఆ అమ్మాయి ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి చూసింది. వ్యాసం రాసి సైన్సు పత్రికకు పంపింది. లోపలి సంగతి జోలికి ఎవరూ పోలేదు గానీ, వెనకనున్న రిఫరెన్సుల పట్టీ బాగాలేదని రెండుసార్లు తిప్పి పంపారు. సంవత్సరం బ్రాకెట్లో ఉండాలట, పత్రిక పేరు వాలు అక్షరాల్లో ఉండాలట, ముగ్గురు రచయితలు దాటితే మిగతావాళ్ళ పేర్లు ఎత్తకూడదట. ఆ కామాలూ చుక్కలూ సరిచేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకా పది రోజులే గడువు. ఈ వ్యాసం అచ్చయితే గానీ పీహెచ్‌డీ చేతికి రాదు.

ఇలాంటి సమయంలో గురువు నరహరి సారు ఎర్రపెన్ను తీసుకుని కూర్చున్నారు. ఆయనకో అలవాటుంది. పట్టీలో ఉన్న ఒక్కో వ్యాసం అసలు ప్రతిని విద్యార్థి తెచ్చి ముందు పెడితేనే దాని పక్కన టిక్కు పెడతారు. ఎంత బతిమాలినా అంతే. యాభై మూడింటికి టిక్కులు పడ్డాయి. ఒకటి మిగిలింది: బుచ్చయ్య, 1971, పేజీ 211.

"ఇది చదివినావమ్మా?"

"అందరూ రాశారు కదా సార్! కషాయం దాసరి పురుగును అరికడుతుందని మొదట తేల్చిందే ఆయన. అరవై వ్యాసాల్లో ఉందా మాట. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది, మన లైబ్రరీలో లేదు."

సారు వాదించలేదు. ఆ వరుస మీద పెన్ను ఆనించారు.

"రాసిన మనిషి ఉన్నాడు. కల్వకుర్తిలో. పోయి చూసి రా," అన్నారు.

ఒక్క వరుస కోసం బస్సెక్కాలా! నవనీతకు ఒళ్ళు మండింది. దారి పొడుగునా సారుని మనసులో తిట్టుకుంటూనే పోయింది.

బుచ్చయ్యగారు ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు పరిశోధన కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. ఆమె వెళ్ళేసరికి వరండాలో కూర్చుని చేటలో కందులు ఏరుకుంటున్నారు. తానెవరో చెప్పుకుని, "మీ పాత వ్యాసం కావాలి సార్" అంది. ఆయన చెయ్యి ఆగింది.

"చదవనీకా బిడ్డా, ఊకె పేరు రాసుకోనీకా?"

నవనీతకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "చదవడానికే సార్" అంది. బస్సులో కూర్చున్నప్పుడు అది అబద్ధం. ఇప్పుడు కాదు.

ముసలాయన లోపలికి పోయి, చిన్న ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చారు. అందులో పైన రంగు మారిన ఆరు పేజీల వ్యాసం, దాని కింద కట్ట కట్టిన కాగితాలు. "మా మేనల్లుడు ఇంటర్నెట్ల దొరికిచ్చుకొని తెస్తడు. నా పేరున్నయన్నీ ఇవే. అరవై," అన్నారు. "చూడు, అందరు రెండువందల పదకొండో పేజీ అని రాసిన్రు. నా వ్యాసం నూట ఇరవై ఆరుకే అయిపోయింది. మొదటాయన తప్పు రాసిండు, ఆయన్ని జూసి ఇంకొకాయన, ఆయన్ని జూసి మరొకాయన. అరవై మంది నా పేరు రాసిన్రు బిడ్డా. ఒక్కరన్న నన్ను చదవలే."

కోపంగా అని ఉంటే ఎంత బాగుండేదో! ఆయన కోపంగా అనలేదు.

నవనీత అక్కడే మెట్టు మీద కూర్చుని చదివింది. మొదటి రెండేళ్ళు కషాయానికి పురుగు చచ్చింది. లోకమంతా ఎత్తి రాసుకున్నది ఆ ముక్కే. చివరి పేరాలో ఇంకోటి ఉంది: 'మూడవ సంవత్సరం అదే చేను, అదే కషాయం, అదే మోతాదు. పురుగు చావలేదు. కారణం నాకు తెలియలేదు. మరెవరైనా చూడవలసి ఉన్నది.'

అవే మాటలు మళ్ళీ చదివింది.

"నువ్వు ఎన్నేండ్లు చూసినవ్?" అన్నారు బుచ్చయ్యగారు.

రెండేళ్ళని వ్యాసంలో రాసుకుంది. ఆ మాటే నోటిదాకా వచ్చింది కూడా. మూడో ఏటి సంగతి ఎవరికీ, ఆఖరికి సారుకి కూడా చెప్పలేదు. ఆ ఏడు తన చేతుల్లోనే ఏదో లోపం జరిగిందనుకుని, హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చి, ఆ కాగితాలు అడుగున తోసేసింది.

"మూడేళ్ళు సార్," అంది. "మూడో ఏడు పురుగు చావలేదు."

ముసలాయన చివాల్న లేచారు. చేట జారి కందులు వరండా అంతా దొర్లాయి. ఆయన అటు చూడనేలేదు.

"నీకు గూడానా!"

"అవును సార్. అదే మందు, అదే చేను."

"నేనే తప్పు చేసిన అనుకున్న బిడ్డా. గింజలు సక్కగ నానలేదేమో, నీళ్ళెక్కువ పోసిననేమో అని యాభై ఏండ్లు మనసుల కుమిలిన. ఎవరన్న ఒక్కరు వచ్చి, నాకు గూడ గట్లనే అయింది సారూ, అంటరేమో అని..." తువ్వాలు కళ్ళకద్దుకుని, కాసేపటికి చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఆ ఏటి వానల గురించి, వేపగింజలు ఎప్పుడు ఏరారన్న దాని గురించి ఇద్దరూ సాయంత్రం బస్సుదాకా మాట్లాడుకున్నారు. కారణం ఇద్దరికీ తేలలేదు. పోయేముందు ఆయన, "ఎవరి దగ్గర చదువుతున్నవ్?" అని అడిగారు. పేరు చెప్పింది. ఆయన కాగితాల కట్ట వైపు ఒకసారి చూసి, "బాగున్నడా?" అన్నారు.

నవనీత వారం రోజులు కూర్చుని వ్యాసం తిరగరాసింది. మూడో ఏటి అంకెలు చేర్చింది. బుచ్చయ్యగారి చివరి పేరా మొదటిసారి ఒక వ్యాసంలోకి ఎక్కింది. పేజీలు 121 నుంచి 126. నరహరి సారు మొదటి నుంచీ చివరిదాకా చదివి, మిగిలిన ఆ ఒక్కదాని పక్కన టిక్కు పెట్టారు.

ఆమె వెళ్ళకుండా నిలబడింది. "సార్, ఆ అరవై వ్యాసాలనీ ఆయన ఏళ్ళ వరసలో పెట్టుకున్నారు. అన్నిటికంటే పాతది, ఆ పేజీ మొదట తప్పు రాసింది..."

"నాదే," అన్నారు సారు.

"ఆయనకు తెలుసు సార్. మీరు బాగున్నారా అని అడిగారు. ఇంకో మాట అనలేదు."

సారు పెన్నుకు మూత పెట్టారు.

"మా ఊరికి పోయే బస్సు కల్వకుర్తిలో పది నిమిషాలు ఆగుతుందమ్మా," అన్నారు. "ఆ తప్పు రాసి నలభై ఏళ్ళయింది. ఒక్కసారీ దిగలేదు."