రాణీగారు పారేసిన ఆటీను పది

తేలుగొండ రాజావారికి ఓ పొద్దున కాఫీ తాగుతుండగా బుద్ధి పుట్టింది. నాకూ రాణీగారికీ ఎదుటివాడి ఆట పడగొట్టడం ఎవడు నేర్పితే వాడు అడిగింది ఇస్తానని దర్బారులో ప్రకటించేశారు.

ఊరికే పుట్టలేదు లెండి ఆ బుద్ధి. అప్పట్లో ఆ సంస్థానానికి బ్రిడ్జి జబ్బు పట్టుకుంది. నలుగురాడే పేకాట అది, ఎదురెదురుగా కూచున్న ఇద్దరిద్దరూ ఒక జోడీ, తలో ముక్కా వేస్తే పెద్ద ముక్క వేసినవాడిది పట్టు. ఇన్ని పట్లు గెలుస్తామని తామే ఆట పాడుకుంటే రాజావారు బాగానే లాక్కొచ్చేవారు. ఎదుటివాడు పాడుకుని, వాణ్ణి ఆపాల్సొచ్చినప్పుడే తంటా. రాణీ సుభద్రాయమ్మగారు రాజు ముక్క వేసి పట్టు గెలిచినా సరే, రాజావారు తన ఆసు తీసి దాని నెత్తిన కొట్టేవారు. సంస్థానంలో ఇంకో రాజు ఉండకూడదనేమో మరి! రాణీగారేం తక్కువ తిన్లేదు, ఆయనకి కావలసిన రంగు చచ్చినా వేసేవారు కాదు.

చివరికి ఓ సాయంత్రం రాజావారు పదిమందిలో, నీకంటే మా ఏనుగు నయం అనేశారు. అంతే. వారం దాటింది, రాణీగారు పేకాటకొస్తారు, ఆడతారు, నోరు మాత్రం విప్పరు. వంటవాళ్ళ దగ్గర్నుంచి గుర్రాలవాళ్ళ దాకా అందరికీ ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి.

నేర్పడానికి ముకుందరావు అప్పటికే ఉన్నాడు. దివానుగారి బావమరిది, చెన్నపట్నం సరుకు. దిండంత పుస్తకం చంకన పెట్టుకొచ్చి ఆరు వారాలు పాఠాలు చెప్పాడు. ఫలితం సున్న. ఆ రోజు దర్బారులో కూడా లేచి, తప్పు పుస్తకంలో లేదు, వినేవాళ్ళలో ఉందని నసిగాడు.

పక్కన నిలబడ్డ తవిటయ్యకి నవ్వాగలేదు. పేకలకి పౌడరు రాసి, తుడిచి, కలిపి అందించడం అతని కొలువు. ఇరవై రెండేళ్ళుగా కోట వెనక పెంకుటింట్లో పెళ్ళాం దాలమ్మతో, ముసలి అత్తగారితో కాపురం.

ముకుందరావుకి ఒళ్ళు మండింది. అయితే వీణ్ణే నేర్పమనండి, శనివారం ఆట నేను పాడతాను, వాళ్ళు పడగొట్టలేకపోతే వీడు కొలువూ ఇల్లూ వదిలి పోవాలి అన్నాడు. రాజావారు సరేనన్నారు. నవ్వి ఇల్లు పోగొట్టుకునే మొగుణ్ణి నిన్నే చూశానని ఆ పూట దాలమ్మ మొగుడికి మజ్జిగ కూడా పొయ్యలేదు.

శనివారం దాకా తవిటయ్య ఒక్క పాఠమూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ముందు రాజావారి దగ్గరకెళ్ళి చెవిలో ఓ మాట వేశాడు. రాణీగారు కరిగారట, నోటితో అనలేక ముక్కలతో చెబుతారట. వెయ్యాల్సిన రంగు చేతిలో లేనప్పుడు, వద్దనుకున్న రంగులో చిన్న ముక్క పారేస్తారు, మనసున్న రంగులో పెద్దది పారేస్తారు. ఆ రంగు తెచ్చి వేస్తే చాలట. ఒక్కటే షరతు, వారు గెలిచిన పట్టు మీద తమరు ఆసు కొట్టకూడదు.

అటునుంచటే రాణీగారి దగ్గరకెళ్ళాడు. రాజావారు క్షమాపణ చెప్పుకోవాలని కుమిలిపోతున్నారట, నోరు రావడం లేదట. తమకేది కావాలో పెద్ద ముక్క పారేసి అడిగితే, అది తెచ్చి వేస్తారట. అదే క్షమాపణ అనుకోమన్నారట.

సాయంత్రం ఆట మొదలైంది. ముకుందరావుకి దివానుగారు జోడీ. ముకుందరావు ఇస్పేట్లు తురుపు చేసి పది పట్లు పాడాడు. మొత్తం పదమూడు పట్లే. అంటే రాజారాణులకి నాలుగొస్తే అతను మునిగినట్టే, మూడొస్తే తవిటయ్య మూట కట్టుకోవాలి. తవిటయ్య పౌడరు డబ్బా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ముకుందరావు మొదటి పట్టు గెలిచి, ఎదుటివాళ్ళ చేతుల్లోని తురుపులు ధీమాగా లాగాడు. రెండో చుట్టుకే రాణీగారి దగ్గర తురుపు అయిపోయింది. ఆవిడ కాసేపు ఆలోచించి ఆటీను పది పారేశారు. మూడో చుట్టుకి డైమను రెండు. రోజూ తన ముక్కలు తప్ప ఇంకేదీ చూడని రాజావారు, ఆ రోజు రాణీగారి చేతి కింద పడ్డ ప్రతి ముక్కనీ ఆబగా చూశారు. ముకుందరావు మాత్రం బల్లకేసి చూడనే లేదు, తర్వాతి ఎత్తు లెక్కేసుకుంటున్నాడు.

కళావరు ఆసుతో రాజావారు ఒక పట్టు గెలిచారు. మామూలుగా అయితే తనకిష్టమైన డైమన్లు వేసి కొంప ముంచేవారు. ఈసారి చిన్న ఆటీను తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టారు. రాణీగారి ముఖం విప్పారింది. రాణి ముక్క వేసి పట్టు గెలిచి, వెంటనే ఆటీను రాజు వేశారు. రాజావారి చెయ్యి అలవాటు కొద్దీ ఆసు మీదికి పోయింది. తవిటయ్య కళ్ళు మూసుకున్నాడు. రాజావారు పళ్ళు బిగబట్టి ఆసు వదిలేసి, చిన్న ముక్క వేశారు. మూడు పట్లు. ఆవిడ మళ్ళీ ఆటీనే వేస్తే, అప్పుడు దర్జాగా ఆసు దించారు. ముకుందరావు దాచుకున్న ఆటీను జాకీ దానికింద పడి చచ్చింది. నాలుగో పట్టు!

ముకుందరావు లేచి నిలబడ్డాడు. ఇది మోసం, సైగలు చేసుకున్నారని అరిచాడు.

తవిటయ్య చేతులు జోడించాడు.

"సైగ కాదు బాబుగారూ. ఆ పది తమరి కళ్ళ ముందే పడింది. తమరు చూడలేదు, అంతే."

పెద్ద ముక్క పారేస్తే ఆ రంగు అడిగినట్టేనని నీ పుస్తకంలోనూ ఉంది కదయ్యా అని దివానుగారే గొణిగారు. 

అప్పుడు రాజావారికి అనుమానమొచ్చింది. "ఒరే తవిటయ్యా, రాణీగారు కరిగారని నీతో నిజంగా చెప్పారా?"

"లేదు మహాప్రభూ. తమరు కుమిలిపోతున్నట్టు నాతో తమరూ చెప్పలేదు. రెండూ నేనే అల్లాను."

 రాజావారు మీసం మీద చెయ్యి వేసి, మా ఇద్దరికీ అబద్ధం చెప్పినందుకు శిక్ష తప్పదురా అన్నారు.

"వెయ్యండి ప్రభూ. కాకపోతే ఇద్దరికీ చెప్పాను గనక, ఇద్దరూ మాట్లాడుకుని వెయ్యండి."

రాణీగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. పదకొండు రోజుల తర్వాత మొగుడి వైపు తిరిగి మొదటి మాట అన్నారు.

"ఆ పెంకుటిల్లు వాడి పేర రాసిచ్చెయ్యండి. ఇక మనం పొమ్మన్నా వాడు కదలకూడదు, అదే శిక్ష."

రాజావారు పకపకా నవ్వుతూ వేలి ఉంగరం కూడా తీసి తవిటయ్య చేతిలో పెట్టారు.