గెడలో అరచుట్టు

నూకరాజు దగ్గర ఉన్నది లక్షా పన్నెండు వేలు. పాలిటెక్నిక్ చదివి, రెండేళ్ళు పంపుసెట్ల దుకాణంలో పనిచేసి కూడబెట్టిన సొమ్ము. దాన్ని ఏ రకం గెడల తయారీ మీద పెట్టాలన్నదే అతని ప్రశ్న. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పామాయిల్ చెట్లు ముప్పై అడుగులకి ఎదిగాయి. వాటి గెలలు కోయాలంటే ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం సాగే అల్యూమినియం గెడలు కావాలి. అలాంటి గెడలు చెయ్యడంలో వీరభద్రాచారిగారి చెయ్యే చెయ్యి అని ఆ వైపు రైతులంతా అంటారు. అందుకే నూకరాజు ఎనిమిది నెలలుగా ఆయన షెడ్డులో శిష్యరికం చేస్తున్నాడు.

ఆచారిగారికి ఒక అలవాటుంది. అడిగినదానికి నోటితో జవాబు చెప్పరు. ఇనుము అరగదీసే అరం ఎలా పట్టాలని అడిగితే అరం చేతిలో పెట్టి తన పని చూసుకుంటారు.

నూకరాజు అడిగింది ఇది. సాగదీసిన గెడలో పై గొట్టం జారిపోకుండా, ఊడిపోకుండా నిలబెట్టే లాకుల్లో నమ్మదగ్గది ఏది? అతని మనసు పిన్ను మీద ఉంది. రెండు గొట్టాలకీ అడుగుకొక రంధ్రం వేసి, ఎనిమిది మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను గుచ్చితే రెండున్నర టన్నులు లాగినా తెగదని లెక్క వేసి కాగితం చూపించాడు. ఆచారిగారు వాడే పద్ధతి వేరు. పై గొట్టం అడుగున ఒక చిన్న నైలాను బిళ్ళ. అది నడిమధ్యన ఉండదు, ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకి జరిపి బిగించి ఉంటుంది. గొట్టాన్ని అరచుట్టు తిప్పితే ఆ బిళ్ళ ఒక పక్కకి ఒరిగి, కింది గొట్టం గోడని లోపలి నుంచి అదిమి పట్టుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు.

"కింద మనిషి నిలబడి ఉంటాడు గురువుగారూ. ఒకటిన్నర మిల్లీమీటరుని నమ్మి పైన కత్తి పెట్టమని అతనికెలా చెప్పడం?" అన్నాడు నూకరాజు.

ఆచారిగారు కాగితం రెండుసార్లు చదివారు. లెక్క సరిగ్గానే ఉందని చెప్పి తిరిగి ఇచ్చేశారు. దసరా వెళ్ళాక తోటకి పోదామన్నారు, అంతే.

ఆయుధపూజకి షెడ్డులో సామాన్లు సిద్ధం చేసే పని నూకరాజు మీద పడింది. ఆ రోజు అక్కడ ప్రతి పనిముట్టూ నూనె రాయించుకుని, పసుపూ కుంకుమా పెట్టించుకోవాల్సిందే. సుత్తులు, అరాలు, డ్రిల్లింగ్ మిషను అన్నీ అయ్యాక అతని కళ్ళు మూలనున్న గెడ మీద పడ్డాయి. దాన్ని మాత్రం ఎందుకు వదలాలనుకున్నాడు. గొట్టాలు విడదీసి, లోపలా బయటా కొబ్బరినూనె పట్టించి, మెరిసేదాకా తోమి, మళ్ళీ ఒకదానిలో ఒకటి ఎక్కించి బొట్టు పెట్టాడు.

పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున ఆ గెడ పట్టుకుని ముగ్గురూ తోటలోకి వెళ్ళారు. మూడో మనిషి ముత్యాలు, ఇరవై ఏళ్ళుగా గెలలు కోస్తున్నవాడు. అతను గెడ సాగదీసి, తిప్పి బిగించి, పైకెత్తి, గెల కాడకి గెడ కొసనున్న వంకర కత్తి తగిలించి ఒక్క గుంజు గుంజాడు. కత్తి కాడలో సగం దిగింది. రెండోసారి గుంజేసరికి పదహారడుగుల కింది గొట్టం అతని చేతుల్లోకి ఊడి వచ్చేసింది. ముత్యాలు వెల్లకిలా పడ్డాడు. పై గొట్టం, కత్తి కాడలో దిగబడి ఉండగా, అలాగే గాలిలో వేలాడుతూ ఉండిపోయింది, అతని ముఖానికి తిన్నగా పైన.

నూకరాజు అతన్ని భుజాలు పట్టి పక్కకి ఈడ్చాడు. గాయం కాలేదు గాని నడుము పట్టేసింది. ముత్యాలు కింది గొట్టంలో వేలు పెట్టి తీసి వాసన చూశాడు.

"నీ పూజ బాగానే ఫలించింది తమ్ముడూ. సగం గెడ అప్పుడే పైకి చేరింది. దాని వెనకాలే నన్నూ పంపేవాడివి."

నూకరాజు తల దించుకున్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అయినా బుర్రలో లెక్క ఆగలేదు. నూనె తగిలితే బిళ్ళ పట్టు నాలుగో వంతుకి పడిపోతుంది. పిన్నుకి ఆ బాధ లేదు, నేతిలో ముంచి తీసినా ఊడదు. ఆ మాట పైకి అనేశాడు కూడా. ఆచారిగారు నిజమేనన్నారు.

కూలీలు టీ కాచుకునే పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆయన చల్లారిన బూడిద రెండు గుప్పిళ్ళు తెచ్చారు. కండువాకి పట్టించి, తాడు కట్టి, కింది గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొసకి పదేపదే లాగారు. కండువాకి జిడ్డు అంటడం మానాక ఆ గొట్టం భుజాన వేసుకుని, వేలాడుతున్న కత్తి కిందికి నడిచారు.

ఆయన ఏం చేయబోతున్నారో నూకరాజుకి అప్పటికి గాని తట్టలేదు. వేలాడే గొట్టం కొస నేలకి పద్నాలుగు అడుగుల పైన ఉంది. కాడ ఏ క్షణాన తెగినా కత్తి తిన్నగా కిందికి వస్తుంది. వద్దని చెయ్యి పట్టుకోబోతే, ఇప్పుడు ఆయన్ని కదిలించకని ముత్యాలు వెనక్కి లాగాడు.

గాలి ఆగేదాకా ఆచారిగారు ఆగారు. తర్వాత గొట్టాన్ని నిలువుగా లేపి, దాని నోటిని పైనున్న కొసకి అందించారు. అంచులు తగిలి టంగుమంది. పైన కత్తి ఊగింది. రెండోసారికి బిళ్ళ నోట్లోకి దిగింది. మెల్లగా రెండు జానలు పైకి తోశారు. మణికట్టు తిప్పారు. జారింది. ఆయన తొందరపడలేదు. బిళ్ళకున్న నూనె కూడా బూడిదకి అంటుకునేదాకా గొట్టాన్ని పైకీ కిందికీ ఆడించి, మళ్ళీ అరచుట్టు తిప్పారు.

కిర్రుమని చిన్న చప్పుడు. పద్నాలుగు అడుగుల ఎత్తున, ఏ కంటికీ కనిపించని చోట, బిళ్ళ పట్టుకుంది. అక్కడ గుర్తు లేదు, రంధ్రం లేదు, సాయానికి ఇంకో చెయ్యి లేదు. దొరికిన చోటే పట్టుకుంది. ఆచారిగారు ఒక పక్కకి జరిగి బలమంతా వేసి గుంజారు. రెండు గొట్టాలూ ఒకే గెడ అయి వంగాయి. కాడ తెగి, పాతిక కిలోల గెల నేల అదిరేలా పడింది.

నూకరాజు దగ్గరికి వెళ్ళి గెడని పట్టి వెనక్కి తిప్పి చూశాడు. అంత బరువుని లాగిన బిళ్ళ అతని చేతికి పిల్లి కూనలా లొంగి వదిలేసింది. గొట్టం మీద గీత కూడా పడలేదు. తన లెక్కలో రెండున్నర టన్నులున్నాయి గాని, ఆ ఎత్తుకి వెళ్ళి పిన్ను గుచ్చే చెయ్యి లేదు. మెల్లగా, రెండోసారి పట్టుకుంటుందని మీకెలా తెలిసిందని అడిగాడు.

ఆచారిగారు కండువా దులిపి, మిగిలిన బూడిద అతని అరచేతుల్లో పోశారు. నూకరాజు చేతులు రుద్దుకుని, గెడ సాగదీసి, అరచుట్టు తిప్పి, చెట్టు వైపు చూశాడు. పైన ఇంకో పండిన గెల ఉంది. కాలు ముందుకి పడలేదు.

"లాకు వేసింది నువ్వేగా," అన్నారు ఆచారిగారు. "వెళ్ళి దాని కింద నిలబడు."