పుంజో పెట్టో చెప్పు

అనగనగా రత్నగిరి అనే రాజ్యం, దానికి సింహకేతు అనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, రెండోవాడు విజయకేతు, చిన్నవాడు చంద్రకేతు.

ఆ రాజ్యంలో ఒక పాడు ఆచారం ఉండేది. పెరట్లో పెట్ట గనక పుంజులా కూసిందా, ఇంటికి అరిష్టమని ఆ పూటే మెడ విరిచేసేవాళ్లు. కూర కూడా వండుకోకుండా గోతిలో పూడ్చేసేవాళ్లు. కూసిన పెట్ట ముసలిదయ్యేదాకా బతికితే ఎలా ఉంటుందో ఆ దేశంలో ఎవరూ చూడలేదు.

చంద్రకేతు ఒక్కడే చూశాడు. చిన్నప్పుడు మెడ విరవబోతున్న చేతుల్లోంచి ఒక బూడిదరంగు పెట్టను లాక్కొచ్చి, కోట వెనక గడ్డివాములో దాచి పెంచాడు. దానికి మాటలొచ్చు. కోడికి మాటలేమిటని అడిగేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లి పడుకోండి.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల ఉండే ధూమ్రజటి అనే మాంత్రికుడు పొరుగురాజు కూతురు మల్లికావళిని ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు, వాడి పెరటికోడిలో ఉంది. ఆ వరమిచ్చిన గురువు ఒక మెలిక కూడా పెట్టాడు. ఎవరొచ్చి అడిగినా ఆ కోడిని చూపించాలి. అది పుంజో పెట్టో రుజువు చేసినవాడికి చెరలో ఉన్నవాళ్లందరినీ వదిలెయ్యాలి. తప్పు చెప్పినవాడు మాత్రం రాయైపోతాడు.

"ఓస్, ఇంతేనా!" అని పెద్దవాడు వెళ్లాడు. తిరిగి రాలేదు. "కోడిని పోల్చుకోలేనా!" అని రెండోవాడు వెళ్లాడు. తిరిగి రాలేదు. రాజు అన్నం మానేసి గుమ్మంలో కూర్చున్నాడు.

చంద్రకేతు గడ్డివాము దగ్గరికి వెళ్లి ఏడ్చాడు. "అవ్వా, నాకు భయంగా ఉంది. కానీ అన్నల్ని వదిలి ఎలా ఉండను?"

"నాయనా, కూతను నమ్మకు, తురాయిని నమ్మకు, కాలిముల్లును నమ్మకు. అవి మూడూ నాకూ ఉన్నాయి, నేను పుంజునా?" అంది పెట్ట. "తల్లిని గద్ద తన్నుకుపోయిన కోడిపిల్లలు మూడు నా రెక్కల కింద ఉన్నాయి. పట్టుకెళ్లు. పొద్దుగూకే వేళ ఆ కోడి ముందు వదులు. పుంజైతే తన దారిన తను పోతుంది. పెట్టైతే దాని రెక్కలు ఊరుకోవు."

చంద్రకేతు పిల్లల్ని తలపాగాలో పెట్టుకుని బయలుదేరాడు. ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న ఒక పెద్ద తాబేలును తిరగేసి నిలబెడితే, అది అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడి పెరడంతా రాళ్లే, మనుషుల ఆకారంలో. వాటి మధ్య జయకేతు, నోరు తెరిచి, మాట సగంలో ఆగిపోయి. పక్కనే విజయకేతు, చెయ్యి చాచి. చంద్రకేతు ఆ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. కిటికీ ఊచల వెనక మల్లికావళి, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉంది.

"చూడు, బాగా చూడు," అని నవ్వాడు ధూమ్రజటి.

కోడి ముందుకొచ్చింది. నెత్తిన అరచేయంత ఎర్రటి తురాయి. కాళ్లకు కొడవళ్లలాంటి ముళ్లు. మెడ సాచి రాళ్లు అదిరేలా కూసింది. చంద్రకేతు నాలుక మీదికి పుంజు అన్న మాట దానంతటదే వచ్చేసింది. పళ్లు బిగించి ఆపుకున్నాడు.

పొద్దు గూకింది. గాలి చల్లబడింది. అతను తలపాగా విప్పాడు. మూడు పిల్లలూ కిచకిచలాడుతూ కోడి వైపు పరుగెత్తాయి. కోడి కూత మధ్యలో ఆపేసింది. తల వంచి చూసింది.

మాంత్రికుడి ముఖం మాడిపోయింది. ఎన్ని వందల ఏళ్లుగానో దాని గుడ్డు ప్రతిదీ వాడే తాగేశాడు, ఒక్కదాన్నీ పొదగనివ్వలేదు. చివరికి గుడ్లు ఉడిగిపోయి, గొంతు మారి, ముళ్లు మొలిచి అలా అయింది. రుజువు కళ్లబడకముందే పిల్లల్ని మింగెయ్యాలని వాడు గద్దయి పైకి లేచి, గోళ్లు చాచి దూకాడు.

కోడి రెక్కలు దించి పిల్లల్ని కప్పేసింది. ఆ గొంతు మళ్లీ మారింది, "కొక్ కొక్ కొక్" అంది. గద్ద మీద పడగానే ఎగిరి కాలిముల్లుతో గుండెలో ఒక్క పోటు పొడిచింది. తన ప్రాణం ఆ కోడిలోనే ఉంది కాబట్టి తనను చంపగలిగేది అదొక్కటేనన్న సంగతి కోపంలో మాంత్రికుడు మరిచేపోయాడు.

"పెట్ట!" అని అరిచాడు చంద్రకేతు. "అది తల్లి!"

గద్ద కింద పడి చచ్చింది. ఇద్దరికీ ఉన్నది ఒకటే ప్రాణం కాబట్టి పెట్ట కూడా మెల్లిగా ఒరిగిపోయింది. రెక్కలు మాత్రం ముడుచుకోలేదు. పిల్లలు వాటి కిందే వెచ్చగా నిద్రపోయాయి. చంద్రకేతు పక్కన కూలబడి, కన్నతల్లి పోయినట్టు ఏడ్చాడు.

రాళ్లన్నీ మనుషులయ్యాయి, మల్లికావళి చెర వీడింది. జయకేతు తన సగం మాట పూర్తి చేశాడు: "...పుంజే, సందేహం లేదు!" ఎవరూ నవ్వలేదు.

చంద్రకేతు మల్లికావళిని పెళ్లాడాడు, జుట్టు నెరిసేదాకా రత్నగిరిని ఏలాడు. పట్టం కట్టుకున్న రోజున అతను వేయించిన మొదటి చాటింపు, కూసిన పెట్టను ఎవరూ చంపకూడదని. తెల్లారగట్ల కోట వెనక గడ్డివాము మీద నుంచి ముసలి బూడిదరంగు పెట్ట గొంతెత్తి కూసేది. ఊళ్లో తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుని మళ్లీ నిద్రపోయేవాళ్లు. మీరూ పడుకోండి.