మైల పట్టమన్న చిరుతపులి

అనగనగా ఒక అడవి. దాని పేరు మాత్రం నన్నడక్కండర్రా, పేర్లు నాకు గుర్తుండవు. గుర్తున్నదల్లా అక్కడ జరిగిన అన్యాయమే. తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతుంది. అయినా చెబుతాను. మధ్యలో ఎవరైనా కునుకు తీశారో, చెవి మెలేస్తాను, ముందే చెబుతున్నా.

ఆ అడవిలో ఒక మడుగు ఉండేది. వానాకాలంలో ఎక్కడ చూసినా నీళ్ళే కాబట్టి ఎవరి దారి వాళ్ళది. ఎండలు ముదిరాయంటే మాత్రం వాగులన్నీ ఎండిపోయి ఆ మడుగొక్కటే మిగిలేది. చిన్నా పెద్దా అందరూ అక్కడికే రావాలి.

ఎలా వచ్చేవాళ్ళనుకున్నారు? మూతులు బిగించుకుని, తలలు వంచుకుని కాదు! పొద్దు వాలగానే వడ్రంగిపిట్ట ఎండుమోడు మీద టకటకమని కొట్టేది. అదే పిలుపు. నెమలి ముందు నడుస్తూ పురి విప్పి ఆడేది. కొండముచ్చులు కొమ్మల మీంచి చప్పట్లు కొట్టేవి. ఏదుపంది ఒళ్ళు విదిలించి ముళ్ళు గలగలలాడించేది. అడవిపందులు గుర్రు గుర్రుమని వంత పాడేవి. కుందేళ్ళూ దుప్పులూ పిల్లల్ని మధ్యలో పెట్టుకుని గంతులేస్తూ వచ్చేవి. ఈ గోలకంతా వాళ్ళు పెట్టుకున్న పేరు నీళ్ళాట.

నీళ్ళాటకు పాటలు కట్టేది బుల్లెమ్మ. సింగారి అనే దుప్పికి కవల పిల్లలుండేవి. అందులో పెద్దది బుల్లెమ్మ, చిన్నదాన్ని అందరూ చంటిది అనేవారు. ఈ బుల్లెమ్మ ఉందే, గట్టిగా ఇంత లేదు, నోరు మాత్రం ఊరుకోదు. ఆ ఏడు అది కట్టిన పాట ఇదీ:

"నీళ్ళో నీళ్ళో చల్లని నీళ్ళో
రారో రారో అందరు రారో
కాలికి కాలు తగలాలో
కడుపులు చల్లగ ఉండాలో!"

ఇంత సందడిగా వస్తుంటే ఇక చిరుతపులికి ఏం దొరుకుతుంది చెప్పండి? చిరుతపులి పొంచి ఉండి పట్టే రకం. ఒంటరిగా వచ్చిన దాని మీదికి దూకుతాడు గానీ, నలుగురి మధ్యకు వచ్చే ధైర్యం వాడికెక్కడిది? మడుగు ఒడ్డున జమ్ములో పడుకుని, కడుపు మాడి, బురదలో పీతల్ని ఏరుకుని తినేవాడు.

ఇదంతా తమ పాట వల్లేనని ఆ పిచ్చి జంతువులకు తెలీదు. ఏదో సరదాకి పాడుకుంటున్నాం అనుకునేవి. అదే వాళ్ళు చేసిన పొరపాటు.

ఒకరోజు ఒక కుందేలు కాల్లో ముల్లు గుచ్చుకుని గుంపులోంచి వెనకబడింది. ఇంకేముంది, చిరుతపులి పట్టుకుపోయాడు.

మర్నాడు అందరూ మడుగు దగ్గరికి వచ్చేసరికి వాడే ఒడ్డున కూర్చుని ముక్కు చీదుతున్నాడు.

"అయ్యో, కుందేలు పోయిందర్రా! ఏ పాపిష్టివాడు తిన్నాడో! బంగారం లాంటి కుందేలు!" అన్నాడు. ఇంకా ఏమన్నాడో వినండి. "అడవిలో చావు జరిగితే చప్పట్లా? పాటలా? సిగ్గుగా లేదూ మీకు? మైల పట్టండి. పదిరోజులు పాట వినపడకూడదు."

వాడి మీసానికి కుందేలు బొచ్చు ఇంకా అంటుకునే ఉంది. అందరూ చూశారు. ఒక్కరంటే ఒక్కరు నోరు మెదపలేదు. పైగా సిగ్గుపడ్డారు! "నిజమేలే, పోయినవాళ్ళ మీద ఆ మాత్రం గౌరవం ఉండాలి" అనుకుని తలలు దించుకున్నారు. తిన్నది వాడు, మైల పట్టమన్నదీ వాడు, తలలు దించుకున్నది వీళ్ళు! ఇంతకన్నా దారుణం ఎక్కడైనా ఉందా?

పాట ఆగిపోయింది. పాట లేకపోతే అడుగు కలవదు. కొందరు ముందు పోయారు, కొందరు వెనక పోయారు. ఆరోరోజున భద్రయ్య మనవడు పోయాడు. భద్రయ్యంటే అడవిపందులకు పెద్ద, కోరలు తిరిగినవాడు, మాటకు విలువున్నవాడు.

ఈసారి చిరుతపులి తను రాలేదు. చాటింపు వెయ్యడానికి రాబందును పంపాడు. ఎముకలు దానికి వదిలేస్తానన్నాడులెండి, అందుకని ఎగురుకుంటూ వచ్చింది ఆ బోడితలది.

"దొరగారు ఏడ్చి ఏడ్చి లేవలేకపోతున్నారు. మైల మళ్ళీ మొదటినుంచీ లెక్క. మైలలో ఒకరినొకరు తాకకూడదు. కాబట్టి గుంపులు కట్టొద్దు. నీళ్ళకు ఒక్కొక్కరే రావాలి" అంది.

సరేనన్నారు! అంత పెద్ద భద్రయ్య కూడా కిమ్మనకుండా సరేనన్నాడు.

మర్నాడు దారి మొదట్లో రాబందు కాపలా కూర్చుంది. సింగారి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చింది. "ఒక్కొక్కరే!" అంది రాబందు.

"చిన్నపిల్లలమ్మా, నేను తోడు వెళతాను" అని బతిమాలింది సింగారి.

"నీ ఒక్కదానికి వేరే పద్ధతా? కుదరదు!"

అప్పుడు బుల్లెమ్మ ఏమందో తెలుసా? "అమ్మా, భయపడకే. నేను పాడను, గెంతను, అసలు చప్పుడే చెయ్యను. వెళ్ళి గుక్కెడు తాగి వచ్చేస్తాను" అంది. అన్నట్టే చప్పుడు చెయ్యకుండా వెళ్ళింది ఆ వెర్రి పిల్ల. చెప్పిన మాటల్లా విన్నది. మళ్ళీ రాలేదు.

సింగారి గొంతు చించుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా పడలేదు వాళ్ళకి! రాబందు ఇంకో చాటింపు వేసింది. "గట్టిగా ఏడవడం కూడా మర్యాద కాదు. పిల్లలు ఆడకూడదు, గెంతకూడదు. మైల ఎప్పుడు తీరుతుందో దొరగారు చెబుతారు" అంది.

పిల్లని తినేశాడు. పాట తీసేశాడు. ఆఖరికి కన్నతల్లి ఏడుపు కూడా తన లెక్క ప్రకారమే ఉండాలన్నాడు!

రెండు రోజులు గడిచాయి. చంటిదాని నాలుక పిడచగట్టుకుపోయింది. లేచి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. సింగారి దాన్ని నాకుతూ, "నీళ్ళకు పోదాం లేమ్మా" అంది.

"అక్క పోయిన దారేగా అమ్మా? నేను రాను. ఇక్కడే ఉంటాను" అంది చంటిది.

సింగారి లెక్కేసుకుంది. వెళ్ళకపోతే దాహంతో పోతుంది. ఒంటరిగా వెళితే వాడి నోట్లో పడుతుంది. ఎంతసేపు ఆలోచించినా మూడో దారి కనబడలేదు. అప్పుడు అనుకుంది, మేం పాడినన్నాళ్ళూ వెనకబడ్డ ఆ కుందేలు తప్ప ఒక్కరు పోలేదే, పాట మానిన దగ్గర్నుంచే కదా వరసగా ఈ చావులన్నీ, అని. అంతే, దానికి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు.

ముందు నెమలి దగ్గరికి వెళ్ళింది. "బావా, సాయంత్రం నీళ్ళాటకు రా" అంది.

నెమలి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మెల్లగా మాట్లాడు తల్లీ! ఈ రోజుల్లో పురి విప్పితే ముందు కనబడేది నేనే. నన్నొదిలెయ్" అంది.

కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది. "మాదేముంది సింగారీ, మేం చెట్టుమీద వాళ్ళం. మీ గొడవలు మాకెందుకు?" అంది అది, కాలు మీద కాలేసుకుని.

"నీళ్ళు కూడా చెట్టుమీదే తాగుతావా అన్నా?" అంది సింగారి. కొండముచ్చు కాలు దించుకుంది గానీ వస్తానని మాత్రం అనలేదు.

ఆఖరికి భద్రయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎగాదిగా చూశాడు.

"నీ పిల్ల పోయి మూడోరోజు. తల్లివై ఉండి పాట పాడతావటమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"పెదనాన్నా, నీ మనవడు పోయాడని ఏడవనివ్వకుండా నీ నోరు మూసిందెవరు?"

భద్రయ్య మూతితో నేల కెలికాడు.

"వాడి మీసానికి కుందేలు బొచ్చు నువ్వు చూడలేదూ? నేను చూశాను. నువ్వూ చూశావు. నా పిల్ల కోసం నేను ఏడవాలో పాడాలో నన్ను తేల్చుకోనీ. దాన్ని తిన్నవాడా నాకు చెప్పేది?" అని వెనక్కి తిరిగి వచ్చేసింది.

పొద్దు వాలింది. సింగారి చంటిదాన్ని కడుపు కిందికి తీసుకుని దారి మీదికి వచ్చింది. "ఒక్కొక్కరే!" అని అరిచింది రాబందు. సింగారి దాని వంకైనా చూడలేదు. నోరు తెరిచింది. ముందు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోంచే బుల్లెమ్మ కట్టిన పాట ఎత్తుకుంది.

"నీళ్ళో నీళ్ళో చల్లని నీళ్ళో..."

అడవంతా చెవులు రిక్కించింది. ఎంతకాలమైందో పాట విని! పై నుంచి టక్ అని ఒక చప్పుడు. టక్ టక్. వడ్రంగిపిట్ట ఇక ఆగలేకపోయింది. టకటకటకమని మోడు అదిరిపోయేలా వాయించింది. పొదలోంచి ఏదుపంది గలగలమంటూ వచ్చింది. చెవులు వెనక్కి వాల్చుకుని కుందేళ్ళు వచ్చాయి. కొండముచ్చు "ఛీ, నాదీ ఒక బతుకేనా!" అని చప్పట్లు కొట్టుకుంటూ కొమ్మ మీంచి కొమ్మకు దూకింది. భయపడి భయపడి వచ్చిన నెమలి, వచ్చాక మాత్రం పురి విప్పేసింది. దారి చాలనంత మంది అయ్యారు. రాబందు పక్కకు గెంతి, ఇందాకటి మాట మింగేసింది.

మడుగు ఒడ్డుకు చేరేసరికి అక్కడ భద్రయ్య ఉన్నాడు. ఎలా ఉన్నాడనుకున్నారు? ఒళ్ళంతా సున్నపుమట్టి పూసుకుని, మీద నల్లబురదతో చుక్కలు పెట్టుకుని, చిరుతపులి వేషం కట్టాడు! పగటివేషగాళ్ళు కూడా అంత బాగా కట్టరు.

అంత పెద్దాయన, నవ్వితే పరువు పోతుందనుకునే మనిషి, వెనక్కాళ్ళ మీద చతికిలబడి ముక్కు చీదాడు. "అయ్యో, కుందేలు పోయిందర్రా! ఎవడు తిన్నాడో! ఉండండి, పళ్ళలో ఎముక ఇరుక్కుంది, తీసుకుని మళ్ళీ ఏడుస్తాను!" అన్నాడు.

ముందుగా చంటిది కిసుక్కున నవ్వింది. అంతే, ఒడ్డంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. భద్రయ్య కళ్ళ వెంట నీళ్ళు కారి, ముఖం మీది చుక్కలు జారిపోతున్నాయి. అయినా ఆపలేదు. "భద్రయ్య మనవడు చాలా మంచివాడర్రా! మెత్తగా ఉన్నాడు!" అని ఆ దొంగ ఏడుపు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

జమ్ములో నక్కిన చిరుతపులికి ఇది భరించరానిదైపోయింది. భయపడితే వాడికి ఇష్టం, ఏడిస్తే ఇంకా ఇష్టం. నవ్వితే ఏం చెయ్యాలో వాడికెవరూ నేర్పలేదు. గాండ్రించి బయటికి దూకాడు.

"మైల! మైల! నన్ను చూసి నవ్వుతారా?" అని అరిచాడు. కళ్ళు మాత్రం చంటిదాని మీదే ఉన్నాయి.

చంటిదాని ముందుకు సింగారి వచ్చింది. సింగారి పక్కకు ఏదుపంది వచ్చి ముళ్ళు లేపింది. భద్రయ్య వేషంతోనే వచ్చి కోరలు చూపాడు. పైన కొండముచ్చులు "అదుగో వాడు! అదుగో!" అని వేళ్ళు పెట్టి చూపిస్తున్నాయి. ఎటు చూసినా కళ్ళే. కాలికి కాలు తగిలేలా నిలబడ్డారందరూ. ఒంటరిది ఒక్కటీ లేదు.

"మైల మాది. ఏడుపు మాది. పాటా మాదే. మధ్యన నువ్వెవడివిరా?" అంది సింగారి.

చిరుతపులి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగుకు తోక ముడిచి పరుగు లంకించుకున్నాడు. "దొరగారూ, ఎముకలో?" అంటూ రాబందు వెనకే ఎగిరింది.

ఆ మర్నాటి నుంచి వాడు ఏ పొదలో దాక్కుంటే ఆ పొద పైన వడ్రంగిపిట్ట టకటకలాడించేది. కొండముచ్చులు వాడి మీద రోజుకో పాట కట్టేవి. భద్రయ్య వేషం చూడటానికి పక్క కొండల నుంచి కూడా జంతువులు వచ్చేవి. వారం తిరిగేసరికి వాడు కడుపు వీపుకంటుకుని అడవి వదిలి పోయాడు. ఎక్కడికి పోయాడని అడుగుతారేమో. నాకు తెలీదు. మూగగా, ఒంటరిగా నీళ్ళకు వచ్చేవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికే పోయి ఉంటాడు.

అయితే బుల్లెమ్మ వచ్చిందా? రాలేదర్రా. పోయిన పిల్లలు పాటలకు తిరిగిరారు. మీకు అబద్ధం చెప్పను.

వాడు తోక ముడిచిన ఆ సాయంత్రం చంటిది పొట్ట ఉబ్బేదాకా నీళ్ళు తాగి, తడిసిన మూతితో తల్లి వైపు చూసింది. సింగారి ఇంకా పాడుతూనే ఉంది.

"అమ్మా, ఏడుస్తున్నావా, పాడుతున్నావా?"

"రెండూనే తల్లీ. ఇంకొంచెం తాగు" అంది సింగారి.

నీతి: చంపినవాడే వచ్చి నోరు మూసుకోమంటే, అది మర్యాద కాదు, వాడి వేట. కన్నీళ్ళతోనైనా సరే నలుగురూ కలిసి పాడండి, ఆడండి, నవ్వండి. కలిసి నవ్వేవాళ్ళని ఒక్కొక్కరిగా ఏరుకుని తినడం ఎవడి తరమూ కాదు.